‘లే’ అంటే పడుకున్నాడని!

“నిన్న మధ్యాహ్నం తాతయ్య మంచం మీద పడుకున్నాడు.” ఈ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమని ఏడో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. సాధారణంగా మూడు రకాల జవాబులు వస్తాయి. కొందరు ‘గ్రాండ్‌ఫాదర్ లైడ్ ఆన్ ది కాట్’ అంటారు. కొందరు ‘లైడ్’ కాదు, ‘లెయిడ్’ అని సరిదిద్దుతారు. వెనక బెంచీలో ఎవరో ఒకరు ‘గ్రాండ్‌ఫాదర్ లే ఆన్ ది కాట్’ అని గొణుగుతారు. మిగతావాళ్లు నవ్వుతారు. నవ్వరా మరి! తెలుగువాడికి ‘లే’ అంటే లేవమని. పడుకున్న తాతయ్యను లేపుతున్నట్టు ఉంటుంది.

మొదటి జవాబుకు అర్థం, తాతయ్య మంచం మీద అబద్ధమాడాడు అని. రెండోదానికి, తాతయ్య మంచం మీద పెట్టాడు అని. ఏం పెట్టాడో వాక్యంలో లేదు. ఇంగ్లీషు బాగా తెలిసినవాడికి ముందు గుడ్డే గుర్తొస్తుంది. సరైన జవాబు ఆ మూడోదే, అందరూ నవ్వినదే.

ఇంత చిన్న మాటకు ఒక పేజీ ఎందుకంటారా? కారణం ఉంది. ఈ క్రియ దగ్గర పిల్లల తప్పుల కంటే పెద్దల దిద్దుబాట్లు ఎక్కువ చేటు చేస్తాయి. ‘నిన్న’ అని ఉన్న వాక్యంలో ‘లే’ కనబడగానే, ఇది వర్తమానం కదా, భూతకాలం రాయాలి కదా అని ఎర్ర సిరాతో కొట్టేసి ‘లెయిడ్’ అని రాయడం మామూలైపోయింది. ఇంట్లో హోంవర్కు చూసే తల్లిదండ్రులూ అదే చేస్తారు. ఒప్పు రాసిన పిల్ల, తాను రాసింది తప్పని నేర్చుకుంటుంది. ఆ తర్వాత పదేళ్లయినా ఆ తప్పు వదలదు.

మన బడుల పిల్లల విషయంలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, పుస్తకంలో ఇంగ్లీషు. ఇంగ్లీషులో రెండు మార్కులు తగ్గితే చాలు, నింద తెలుగు మీద పడుతుంది. “ఇంట్లో ఆ భాష మాట్లాడబట్టే ఇంగ్లీషు రావట్లేదు” అనే మాట పేరెంట్స్ మీటింగుల్లో వినపడనిదెక్కడ? మిగతా సంగతుల మాటెలా ఉన్నా, ఈ ఒక్క క్రియ విషయంలో మాత్రం నిజం అందుకు తలకిందులు. దీన్ని నేర్పడానికి మన పిల్లల దగ్గర ఉన్న అతి మంచి పనిముట్టు ఇంట్లో మాట్లాడే తెలుగే.

మూడు క్రియలు, అయిదు చప్పుళ్లు

ముందు సామగ్రి అంతా ఒకచోట పెట్టుకుందాం. ఇక్కడ ఉన్నవి మూడు వేర్వేరు క్రియలు.

ఒకటి, పడుకొను, పడి ఉండు అనే అర్థంలో ‘లై’. స్పెల్లింగు ఎల్-ఐ-ఈ. క్లాసులో చెప్పే వీ-వన్, వీ-టూ, వీ-త్రీ ప్రకారం లై, లే, లెయిన్. ఇక్కడ వీ-టూ అయిన ‘లే’ స్పెల్లింగు ఎల్-ఏ-వై, వీ-త్రీ అయిన ‘లెయిన్’ స్పెల్లింగు ఎల్-ఏ-ఐ-ఎన్.

రెండు, పెట్టు, పరుచు, పడుకోబెట్టు అనే అర్థంలో ‘లే’. ఇదీ ఎల్-ఏ-వై. దీని రూపాలు లే, లెయిడ్, లెయిడ్. స్పెల్లింగులో జాగ్రత్త. ‘ప్లే’కి ‘ప్లేడ్’ రాసినట్టు వై తర్వాత ఈ-డి తగిలించకూడదు. ‘పే’కి ‘పెయిడ్’లాగా ఎల్-ఏ-ఐ-డి.

మూడు, అబద్ధమాడు అనే ‘లై’. స్పెల్లింగు మొదటిదానిలాగే. కానీ ఇది బుద్ధిమంతురాలు. లై, లైడ్, లైడ్ అని నియమం ప్రకారం నడుస్తుంది.

చిక్కుముడి ఎక్కడుందో ఇప్పుడు కనిపిస్తుంది. మొదటి క్రియకు భూతకాలమూ, రెండో క్రియకు వర్తమానమూ ఒకే ముఖం పెట్టుకుని తిరుగుతున్నాయి. ‘లే’ అన్న మాట ఒంటరిగా కనిపిస్తే అది ఎవరో చెప్పలేం. పక్కన ఎవరున్నారో చూడాలి.

‘ఇంగ్’ రూపాలూ చెప్పుకుంటే పూర్తవుతుంది. పడుకోవడానికీ అబద్ధానికీ ‘లైయింగ్’ (ఎల్-వై తర్వాత ఐ-ఎన్-జి), పెట్టడానికి ‘లేయింగ్’. ఇక్కడ పెద్దగా గొడవ లేదు.

పట్టిక అయితే ఇంతే. ఏ వ్యాకరణ పుస్తకంలోనైనా ఉంటుంది, పిల్లలు వల్లె వేస్తారు కూడా. లై-లే-లెయిన్, లే-లెయిడ్-లెయిడ్ అని పాటలా చదివిన పిల్లే, వాక్యం రాయమంటే ఆగిపోతుంది. ఎందుకంటే పట్టిక రూపాలను చెబుతుంది గానీ, ఏ వాక్యానికి ఏ వరుస పట్టుకోవాలో చెప్పదు. ఆ పని తెలుగు చేస్తుంది.

“ఎవర్ని? దేన్ని?”

మూడేళ్ల పిల్ల “చెల్లి పడుకుంది” అంటుంది. “అమ్మా, చెల్లిని పడుకోబెట్టు” అంటుంది. ఈ రెండూ ఎప్పుడూ కలగలపదు. “అమ్మా, చెల్లిని పడుకో” అన్న పిల్లను మీరెక్కడైనా చూశారా? అకర్మక క్రియ, సకర్మక క్రియ, ప్రేరణార్థకం అన్న పేర్లు ఏ ఎనిమిదో తరగతిలోనో వస్తాయి. అసలు విద్య మాత్రం పాలపళ్ల వయసులోనే వచ్చేసింది.

మన భాష నిండా ఇలాంటి జంటలే. చెట్టు కూలుతుంది, మనం చెట్టును కూలుస్తాం. పిల్లాడు లేస్తాడు, అమ్మ పిల్లాణ్ణి లేపుతుంది. ఆవు మేస్తుంది, కాపరి ఆవును మేపుతాడు. బస్సు దిగుతాం, సామాన్లు దింపుతాం. డబ్బు ఉంటుంది, డబ్బు ఉంచుతాం. తానుగా జరిగేదానికి ఒక మాట, మరొకరు జరిపించేదానికి దానికి పుట్టిన ఇంకో మాట.

ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఇదే పద్ధతి ఉండేది. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో పడుకోవడం ‘లిజ్జన్’, పడుకోబెట్టడం ‘లెజ్జన్’. ఒకే ధాతువు, అచ్చు మారితే అర్థం ‘చేయించడం’ అవుతుంది. అబద్ధమాడటం ‘లేఒగన్’, దానికి వీటితో చుట్టరికమే లేదు. మూడూ విడివిడిగా వినపడేవి కనుక ఎవరికీ ఇబ్బంది లేదు. తర్వాతి శతాబ్దాల్లో పలుకుబడి అరిగి, చివర్లు రాలిపోయి, మూడూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. జంటలు కట్టే ఆ పద్ధతి ఇంగ్లీషులో చాలావరకు పోయింది. మిగిలినవి కొన్నే. కూర్చోవడానికి ‘సిట్’, కుదిర్చి పెట్టడానికి ‘సెట్’. కూలడానికి ‘ఫాల్’, చెట్టును కూల్చడానికి ‘ఫెల్’. పడుకోవడానికి ‘లై’, పెట్టడానికి ‘లే’. ఇంగ్లీషులో శిథిలంగా మిగిలిన ఆ గది మన ఇంట్లో ఇంకా కాపురం ఉన్న గది.

కాబట్టి పద్ధతి ఇది. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోమనండి. అనుకున్నాక ఒక్క ప్రశ్న వేయండి: ఎవర్ని? దేన్ని? జవాబు వస్తే ‘లే-లెయిడ్’ వరుస. జవాబు రాకపోతే ‘లై-లే’ వరుస. తాతయ్య పడుకున్నాడు. ఎవర్ని పడుకున్నాడు? ప్రశ్నే వింతగా ఉంది, అంటే జవాబు లేదు. నిన్నటి సంగతి కనుక ‘లే’. అమ్మ పాపను ఉయ్యాల్లో పడుకోబెట్టింది. ఎవర్ని? పాపను. కనుక ‘లెయిడ్’.

ఇంటి తెలుగు గ్రంథాల తెలుగు కానక్కర్లేదు. రాయలసీమ పోలికలున్న ఇళ్లలో ‘పండుకున్నాడు’ అన్నా, తెలంగాణ నుంచి షోలాపూర్ వెళ్లి స్థిరపడ్డ నేతకారుల ఇళ్లలో ‘పండుకున్నడు’ అన్నా ప్రశ్న అదే, జవాబు అదే. పిల్లలు ఇంట్లో ఎలా అంటారో అలాగే అననివ్వండి. “ముందు తెలుగు సరిగ్గా పలుకు” అని అక్కడ ఆపేస్తే పాఠం పాడవుతుంది.

తెలుగు ‘పెట్టు’, ‘వేయు’ అన్న మాటలు ఇంగ్లీషు ‘లే’తో ఎంత దూరం కలిసి నడుస్తాయో చూస్తే సరదాగా ఉంటుంది. కోడి గుడ్డు పెట్టింది, ‘లెయిడ్’. పునాది వేశారు, ‘లెయిడ్’. రైలు పట్టాలు వేశారు, మంచినీళ్ల పైపులు వేశారు, రెండూ ‘లెయిడ్’. బెంగళూరులో ఉండేవాళ్లకు ఇంకా తేలిక. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పేరు తెలియనివారెవరు? ‘లేఅవుట్ వేశారు’ అంటాం కదా, అందులో ఉన్న ‘లే’ ఇదే. ఎవరో ఒకరు భూమిని ప్లాట్లుగా పరిచి పెట్టారు. లేఅవుట్ తనంతట తాను పడుకోలేదు. ఇళ్లలో భయంగా పలికే ‘లేఆఫ్’ కూడా ఈ కుటుంబానిదే. కంపెనీ ఉద్యోగుల్ని తీసేసింది. ఎవర్ని? ఉద్యోగుల్ని. కనుక ‘లెయిడ్ ఆఫ్’.

ఇందాక ‘ఫాల్’, ‘ఫెల్’ అనుకున్నాం. పై తరగతుల టీచర్లు ఈ జంటను వదలకండి. పడటానికి ఫాల్, ఫెల్, ఫాలెన్. కూల్చడానికి ఫెల్, ఫెల్డ్, ఫెల్డ్. ఇక్కడా మొదటిదాని భూతకాలం, రెండోదాని వర్తమానం ఒకటే. అచ్చం లై-లే వరుసే. ‘చెట్టు కూలింది’కి ‘ఫెల్’, ‘వాళ్లు చెట్టును కూల్చారు’కి ‘ఫెల్డ్’. ఈ రెండు జంటలనూ పక్కపక్కన బోర్డు మీద రాస్తే, ఇది ఇంగ్లీషువాడి పిచ్చి కాదు, దీనికో లెక్క ఉంది అని పిల్లలకు తడుతుంది. లెక్క ఉందని తెలిస్తే సగం భయం పోతుంది.

తెలుగు కాలడ్డం పెట్టే చోట్లు

తెలుగు అన్నిచోట్లా సాయం చేస్తుందని చెబితే అబద్ధం, అంటే ‘లై’ అవుతుంది. కొన్నిచోట్ల అదే కాలడ్డం పెడుతుంది. వాటిలో పెద్దది ‘పడుకున్నాడు’ అన్న మాటలోనే ఉంది.

ఫోన్లో ఎవరో “నాన్నగారు ఏం చేస్తున్నారు?” అని అడిగారు. పిల్ల “పడుకున్నారు” అంది. అది భూతకాలంలా కనిపించే వర్తమానం. ఇప్పుడు, ఈ క్షణంలో, ఆయన పడక మీద ఉన్నారు. అదే పిల్ల “నిన్న రాత్రి నాన్నగారు తొమ్మిదింటికే పడుకున్నారు” అంటే అది నిజమైన భూతకాలం. తెలుగులో రెండింటికీ ఒకే రూపం. కూర్చున్నాడు, నిలబడ్డాడు కూడా ఇంతే. అందుకే మన పిల్లలు ‘ఇప్పుడు కూర్చుని ఉన్నాడు’ అనాల్సినచోట ఇంగ్లీషులో ‘హి శాట్’ అనేస్తుంటారు. పడుకునే క్రియలో ఈ పొరపాటు ఇంకా ముదురుతుంది. ఇప్పటి సంగతికి ‘ఈజ్ లైయింగ్’ అనాలి, నిన్నటి సంగతికి ‘లే’ అనాలి.

ఇక్కడే మన పిల్లలకు, ఆంధ్ర, తెలంగాణల్లో ఒక్క తెలుగుతోనే పెరిగే పిల్లలకు లేని లాభం ఒకటుంది. చుట్టూ ఉన్న భాషలు ఈ తేడాను విడదీసి చూపిస్తాయి. కన్నడంలో ఇప్పుడు పడుకుని ఉంటే ‘మలగిద్దానె’, అప్పుడు పడుకుంటే ‘మలగిద’. తమిళంలో ‘పడుత్తిరుక్కిఱాన్’ వేరు, ‘పడుత్తాన్’ వేరు. మరాఠీలో ‘ఝోపలా ఆహే’ అంటే ఇప్పుడు నిద్రలో ఉన్నాడని, ‘ఝోపలా’ అంటే నిద్రపోయాడని. ఒడియాలో ‘శోఇఛి’, ‘శోఇలా’. వీధిలో నేర్చిన భాషను ఇంగ్లీషు క్లాసులోకి పిలిస్తే తప్పేముంది? “మీ స్నేహితుడితో కన్నడంలో ఎలా అంటావు?” అని అడిగితే చాలు, ‘ఈజ్ లైయింగ్’ కావాలో ‘లే’ కావాలో పిల్లాడే చెబుతాడు. యానాంలో ఈ సదుపాయం లేదు, అక్కడ వీధి భాషా తెలుగే. అక్కడి టీచర్లు ‘పడుకుని ఉన్నాడు’ అని తెలుగులోనే విడదీసి అనిపించాలి.

రెండో అడ్డం, ‘నడుం వాల్చాడు’. ఇందులో దేన్ని వాల్చాడు అంటే నడుమును అని జవాబు వస్తుంది. ఒళ్ళు వాల్చాడు అన్నా అంతే. పద్ధతి ప్రకారం ‘లెయిడ్’ రావాలి. కానీ మామూలు ఇంగ్లీషులో దీనికి ‘లే డౌన్’ అనే అంటారు. అంచేత జాతీయాలతో ప్రశ్న వేయకూడదు. ముందు దాన్ని ‘పడుకున్నాడు’గా మార్చుకుని అప్పుడు అడగాలి.

మూడోది చిన్నదే. ‘పుస్తకం బల్ల మీద పెట్టాడు’ అన్న వాక్యంలో ‘ను’ లేదు. ప్రాణం లేనివాటికి మనం దాన్ని వదిలేస్తాం. పిల్లలు ‘ను’ కోసం వెతికి, కనపడక, ‘లే’ రాసేస్తారు. వెతకాల్సింది ‘ను’ను కాదు, ప్రశ్నకు జవాబును. అలాగే ‘పుస్తకం బల్ల మీద పడి ఉంది’ అన్నప్పుడు పడేసింది ఎవరో ఒకరు ఉంటారు కదా అని పిల్లలు వాదిస్తారు. వాదన బాగుంది గానీ, వాక్యంలో ఆ మనిషి లేడు. వాక్యంలో ఉన్నవాళ్లతోనే మనకు పని. నిన్నటి సంగతైతే ‘ది బుక్ లే ఆన్ ది టేబుల్’.

‘డిడ్’ వచ్చినప్పుడు ఏమవుతుందో కూడా ఒక్కమాట. ‘డిడ్’ తర్వాత ఎప్పుడూ వీ-వన్ కనుక, తాతయ్య నిన్న పడుకోలేదు అనడానికి ‘డిడ్ నాట్ లై డౌన్’. ‘డౌన్’ వదిలేస్తే తాతయ్య అబద్ధమాడలేదు అని కూడా వినబడుతుంది. ఉంచడమే మేలు.

మన ఊళ్ల పేర్లతో

ఈ క్రియకు పడకతోనే పని అనుకోవద్దు. ఊళ్లు, నదులు, కొండలు ఎక్కడున్నాయో చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు దీన్నే వాడతారు. భూగోళం, చరిత్ర పుస్తకాల్లో పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ అర్థమే. యానాం గౌతమీ గోదావరి ఒడ్డున ఉంది అనాలంటే ‘యానాం లైస్...’ అని మొదలుపెట్టాలి. యానాం అబద్ధాలాడుతోందని క్లాసులో నవ్వులు లేస్తాయి. నవ్వనివ్వండి, నవ్విన మాట గుర్తుంటుంది.

భూతకాలానికి వస్తే మన ఊళ్లకంటే మంచి ఉదాహరణలు ఏ గ్రామరు పుస్తకంలోనూ దొరకవు. సరిహద్దులు మారినప్పుడల్లా మన ఊళ్లు ఒక భూతకాలాన్ని సంపాదించుకున్నాయి. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలన కింద ఉండేది. బరంపురం 1936 దాకా మద్రాసు రాజధానిలో ఉండేది. బళ్ళారి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో, షోలాపూర్ 1960 దాకా బొంబాయి రాష్ట్రంలో ఉండేవి. హోసూరు 2004 దాకా ధర్మపురి జిల్లాలో ఉండేది, ఆ ఏడాది కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. ఈ వాక్యాలన్నిటిలో ‘ఉండేది’ దగ్గర ‘లే’ పెట్టవచ్చు. ‘బళ్ళారి లే ఇన్ మద్రాస్ స్టేట్ టిల్ 1953.’ ఇప్పటి సంగతి అయితే ‘బళ్ళారి లైస్ ఇన్ కర్ణాటక.’ ఊరు కదల్లేదు, క్రియ మారింది.

పిల్లల చేత తమ ఊరి గురించి ఇలా రెండు వాక్యాలు రాయించండి, ఒకటి ‘లైస్’తో, ఒకటి ‘లే’తో. రెండో వాక్యానికి ఇంట్లో పెద్దల్ని అడగాల్సి వస్తుంది. మా ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉండేది అని తాతయ్యను అడిగిన పిల్లలు ఒక్క క్రియతో ఆగరు.

దొరలూ తప్పుతారు

తల్లిదండ్రులు కొందరు ఇంకో మాట అడుగుతారు. సినిమాల్లో, పాటల్లో వాళ్లు ‘లే డౌన్’ అనే అంటున్నారు కదా, మీరేమో ‘లై డౌన్’ అంటారేమిటి అని. నిజమే. బాబ్ డిలన్ 1969లో పాడిన ప్రసిద్ధమైన పాట పేరే ‘లే లేడీ లే’. గ్రామరు ప్రకారం అక్కడ ‘లై’ ఉండాలి. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ పుట్టి పెరిగినవాళ్లే మాటల్లో ‘లే’ను పడుకోవడానికి వాడేస్తుంటారు. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు, సుమారు 700 ఏళ్లుగా ఉన్న వాడుక. 18వ శతాబ్దం నుంచి వ్యాకరణకర్తలు దాన్ని తప్పుగా లెక్కకట్టారు, బడిపుస్తకాలు ఆ తీర్పునే పాటిస్తున్నాయి. మరోపక్క విలియం ఫాక్‌నర్ 1930లో వెలువరించిన నవల పేరు ‘యాజ్ ఐ లే డయింగ్’. అందులోని ‘లే’ అచ్చమైన భూతకాలం, నేను పడి ఉండగా అని. పాట పేరునూ నవల పేరునూ పక్కపక్కన పెట్టి పెద్ద తరగతుల పిల్లల్ని ఏది గ్రామరుకు ఒదుగుతుందో తేల్చమంటే మంచి చర్చ అవుతుంది.

నా మట్టుకు నేను చెప్పేది, పరీక్ష కాగితంలో బడి గ్రామరు తప్పకూడదు, మార్కులు అక్కడే ఉన్నాయి. ఉద్యోగ దరఖాస్తులోనూ అంతే. పిల్ల ఇంగ్లీషులో గలగలా మాట్లాడుతుంటే మాత్రం మధ్యలో ఆపి ‘లే కాదు లై’ అని దిద్దకండి. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్లకే కుదరని పట్టింపు మన పిల్లల నోటికి తాళం వేయడానికి వాడటం అన్యాయం. మాట పూర్తి కానిచ్చి, తర్వాత మనం ఆ వాక్యాన్నే సరైన రూపంతో ఒకసారి అంటే సరిపోతుంది.

క్లాసులో నేర్పేటప్పుడు పట్టికను చివరికి నెట్టమని టీచర్లకు నా సలహా. ముందు ఒక పలక బల్ల మీద పెట్టించండి. ‘షి లెయిడ్ ది స్లేట్ ఆన్ ది టేబుల్.’ పెట్టిన పిల్ల వెళ్లి కూర్చోవాలి. ఇప్పుడు బల్ల దగ్గర ఎవరూ లేరు, పలక ఒక్కటే ఉంది. ‘ది స్లేట్ ఈజ్ లైయింగ్ ఆన్ ది టేబుల్.’ గంట కొట్టాక పలక తీసేసి అడగండి, పీరియడ్ అంతా పలక ఎక్కడుంది? ‘ఇట్ లే ఆన్ ది టేబుల్.’ ఒక్క పలకతో మూడు రూపాలూ వచ్చేశాయి. పట్టిక ఆ తర్వాత రాస్తే, అందులో ప్రతి గడికీ పిల్లల కళ్ల ముందు ఒక బొమ్మ ఉంటుంది.

ఇంట్లో సరిచూసుకోవడానికి ఆరు వాక్యాలు ఇస్తున్నాను. పిల్లల్ని ముందు తెలుగులో ప్రశ్న వేసుకోమనండి, ఆ తర్వాతే ఇంగ్లీషు. మా కోడి నిన్న రెండు గుడ్లు పెట్టింది. కుక్క ఇప్పుడు అరుగు మీద పడుకుంది. ఉత్తరం మూడు రోజులు ఆ బల్ల మీదే పడి ఉంది. అక్క పెళ్లిలో అతిథులకు చాపలు పరిచింది. వాడు మాస్టారుతో అబద్ధమాడాడు. మేం అటక మీద ఆ పుస్తకాన్ని చూసేసరికి అది అక్కడ ఏళ్ల తరబడి పడి ఉంది.

మొదటిదానికి ‘లెయిడ్’. రెండోదానికి ‘ఈజ్ లైయింగ్’, ‘ఇప్పుడు’ అన్న మాట చూసి మోసపోకుండా ఉంటే పిల్ల గట్టిదే. మూడోదానికి ‘లే’, నాలుగోదానికి ‘లెయిడ్’, అయిదోదానికి ‘లైడ్’. ఆరోదానికి ‘హ్యాడ్ లెయిన్’. ఈ ‘లెయిన్’ ఇప్పుడు పుస్తకాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, మాటల్లో దాని బదులు ‘హ్యాడ్ బీన్ లైయింగ్’ అంటారు. పిల్ల అలా రాస్తే అదీ ఒప్పే, పూర్తి మార్కు వేయండి.